ఆ పొగలోకి నేను వెళ్లాను

ఆ రోజు పొద్దున పాప ముఖానికి పౌడర్ వేసింది నేను కాదు, పైనింటి ఆంటీ. కెనడాలో గ్వెల్ఫ్ అనే ఊళ్లో, వాళ్లింటి బేస్‌మెంట్‌లో మేం అద్దెకుంటాం. అంకుల్ రిటైరైన ఇంజనీరు. ఊరికే కూర్చోలేక షూటింగులకు ఎక్స్‌ట్రాగా వెళ్లడం మొదలుపెట్టారు. ఒక సీరియల్‌లో కోర్టు గదిలో వెనక వరుసలో కూర్చున్నారు. ఇంకోదాంట్లో ఆసుపత్రి వరండాలో ఫైలు పట్టుకుని నడిచారు. ఆ రెండు ముక్కలూ ఫోన్లో దాచుకుని, ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు అవే చూపిస్తారు.

ఆంటీ మా నాలుగేళ్ల పాపని మెట్ల మీద కూర్చోబెట్టి, స్టూడియోకి ఫోటో తీయించడానికి తీసుకెళ్లే పిల్లని ముస్తాబు చేసినట్టు చేశారు. పౌడర్, కాటుక, బుగ్గ మీద దిష్టిచుక్క.

"పిల్ల కాస్త రంగు తక్కువ కదమ్మా. కెమెరాలో ఇంకా నల్లగా పడుతుంది. దట్టంగానే వెయ్యాలి," అన్నారు.

ఆవిడ మీద నాకు కోపం లేదు. అక్కడ ఏ వేషమో ఆవిడకి అంకుల్ చెప్పలేదు. నాకూ చెప్పలేదు.

ఆ ఏడు గ్వెల్ఫ్‌లో ఎటు చూసినా మన పిల్లలే. బస్సులో తెలుగు, కాఫీ కొట్టు కౌంటర్ వెనక తెలుగు, లాండ్రీ గదిలో తెలుగు. నేనూ ఆ వరదలో వచ్చినదాన్నే. హైదరాబాద్‌లో చరిత్రలో ఎం.ఏ. చేసి, ఇక్కడ కాలేజీలో సరుకుల రవాణా గురించి డిప్లొమా చదువుతున్నాను. మా ఆయన నా స్టడీ పర్మిట్ మీద వచ్చి, వాన్ అనే ఊళ్లో ఒక వేర్‌హౌస్‌లో పని చేస్తారు. పాప డేకేర్‌కి వెళ్లిన రెండు నెలలకే ఇంగ్లీషులో జవాబు చెప్పడం నేర్చుకుంది. భయం వేస్తే మాత్రం తెలుగే.

అంకుల్ ఈసారి పాపని కూడా తీసుకెళ్లిన సీరియల్ కథ, అమెరికాలో బానిసత్వం మీద జరిగిన అంతర్యుద్ధం. అసలు సైన్యాల గురించి కాదు, సరిహద్దుల్లో తిరిగిన ముఠాల గురించి. నదికి ఇటువైపు మనుషుల్ని కొనుక్కోవచ్చనే రాష్ట్రం, అటువైపు కూడదనే రాష్ట్రం. పెద్ద యుద్ధాలు ఎక్కడో జరుగుతుంటే, యూనిఫాం లేనివాళ్లు గుర్రాలెక్కి తెల్లారేసరికి అవతలి ఊరి మీద పడేవారు. మగవాళ్లని పేరు పెట్టి బయటికి పిలిచి, పెళ్లాం పిల్లల ముందే కాల్చేవారు. ఇళ్లు తగలబెట్టేవారు. పారిపోయి వచ్చిన బానిసల్ని మళ్లీ పట్టుకుపోయేవారు. దానికి దేశమనీ ధర్మమనీ పేర్లు పెట్టుకునేవారు. చదువుకునే రోజుల్లో నేను ఆ భాగం రెండు పేజీల్లో చదివి, పరీక్షలో అర పేజీ రాశాను. ఇప్పుడా ఊళ్లు పాతగా లేవట. అందుకని మా ఊరి పక్కన పొలాల్లో చెక్కతో ఒక ఊరు కట్టారు. తగలబెట్టడానికే కట్టారు.

"ఊరి జనం కావాలమ్మా," అన్నారు అంకుల్ ఒకరోజు మెట్లు దిగి వచ్చి. "పిల్లలుంటే ప్రిఫర్ చేస్తారు. పాప ఫోటో పంపించా, వెంటనే ఓకే అన్నారు."

"నన్ను అడగకుండా పంపించారా అంకుల్?"

"మంచి ఛాన్స్ కదమ్మా, లేటైతే పోతుంది."

"ఊరి జనం అంటే ఎవరు?"

"జనమేనమ్మా. దూరంగా, పొగలో. నువ్వు పక్కనే ఉంటావు."

మా ఆయన్ని అడిగితే, "పోనీ తియ్, అంకుల్ అంతగనం చెప్తున్నడు గదా. పాపకు గుర్రాలు చూపించినట్టయితది," అన్నారు. గుర్రాల మాట పాప చెవిన పడింది. ఇక ఆగలేదు.

షూటింగ్ దగ్గర ఒక తెల్ల టెంట్. చలికి అందరం చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాం. సగం మంది మన స్టూడెంట్సే. మనుషుల్ని సర్దే అమ్మాయి ఒకతి, చెవిలో వైరుతో, నవ్వుతూ వరుస వెంట నడిచింది. ముఖాలు చూసింది, చేతులు చూసింది. నువ్విటు, నువ్వటు. అంతే. ఒక్క మాట అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు. తెల్లగా ఉన్న కుర్రాళ్లకి టోపీలు, బూట్లు, రబ్బరు తుపాకులు. నల్లగా ఉన్నవాళ్లకి గోనెలాంటి చొక్కాలు. నల్లజాతి ఎక్స్‌ట్రాలు చాలినంతమంది దొరకలేదట. దూరంగా, పొగలో, మనవాళ్లైనా సరిపోతారట. అంకుల్‌కి దుకాణదారు కోటు ఇచ్చారు. ఆయన అద్దంలో చూసుకుని కాలర్ సర్దుకున్నారు.

పాపని గోనె చొక్కాల వైపు పంపారు.

మేకప్ చేసే ఆవిడ పాపని చూసి, ఈ పిల్ల ఇంత తెల్లగా ఉందేంటని పక్కావిడతో నవ్వింది. తడి గుడ్డతో పౌడర్ తుడిచింది. కాటుక తుడిచింది. దిష్టిచుక్క ఏమిటో అర్థం కాక రెండుసార్లు రుద్దింది. తర్వాత గిన్నెలోంచి బురదలాంటి ముద్ద తీసి బుగ్గలకీ మెడకీ పట్టించింది. చుక్క తీసేసి ముఖమంతా చుక్క చేసినట్టు. ఇంట్లో నలుపని తెలుపు పూశారు, ఇక్కడ ఆ నలుపు చాలదని మళ్లీ పూస్తున్నారు.

"అమ్మా, యామ్ ఐ డర్టీ?" అంది పాప.

పాపని ఎత్తుకుని టెంట్ బయటికి వచ్చేశాను. అంకుల్ కోటు ఎగరేసుకుంటూ వెనకే వచ్చారు.

"హిస్టరీ అమ్మా ఇది! నువ్వు హిస్టరీ చదువుకున్నదానివే కదా, నీకు నేను చెప్పాలా?"

"పాపకి ఏ వేషమో మీకు ముందే తెలుసా అంకుల్?"

"వేషం ఏముందమ్మా, దూరంగా, పొగలో..."

చెవిలో వైరున్న అమ్మాయి కూడా వచ్చింది. పాప గుడిసె గుమ్మంలో ఒకావిడ ఒళ్లో కూర్చుంటుంది, అంతకంటే ఏమీ ఉండదు అంది. ఎవరూ తనని ముట్టుకోకూడదు అన్నాను. అస్సలు ముట్టుకోరు అని ఛాతీ మీద చేయి వేసుకుంది. అప్పటికే పాప, తనని ఒళ్లో కూర్చోబెట్టుకోబోయే ఆవిడ చేయి పట్టుకుని గుర్రాలను చూపించమంటోంది. ఆవిడ నల్లజాతి మనిషి, యాభై దాటినావిడ. వాళ్ల ముత్తాతలు బానిసత్వం నుంచి పారిపోయి ఈ చుట్టుపక్కలకే వచ్చి అడవి కొట్టుకుని బతికారట. పాప గుర్రాల ముందు నుంచి కదలనంది. నేను ఆ అమ్మాయి మాట నమ్మి ఆగాను.

భోజనాల దగ్గర మన కుర్రాళ్ల మాటలు వింటూ కూర్చున్నాను.

"ఏరా, మా బంగళాలో గిన్నెలు తోమడానికి ఎన్నింటికొస్తావ్?" అన్నాడు టోపీ పెట్టుకున్న ఒకడు.

"వస్తాలే గానీ, ముందు తుపాకి సరిగ్గా పట్టుకో. రబ్బర్‌ది, ఊగుతోంది," అన్నాడు గోనె చొక్కా అబ్బాయి.

"వీడు మేకప్ ఖర్చు కూడా మిగిల్చాడంటరా, డైరెక్ట్ సెలెక్షన్!"

అందరూ పడి పడి నవ్వారు. గోనె చొక్కా అబ్బాయీ నవ్వాడు. తర్వాత తింటున్న శాండ్‌విచ్ మళ్లీ కాగితంలో చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

మా పక్కింట్లో ఉండే అబ్బాయి కూడా టోపీవాళ్లలోనే ఉన్నాడు. డోనట్ కొట్లో పని చేస్తాడు, షిఫ్ట్ అయ్యాక మిగిలినవి పాపకి తెచ్చిస్తాడు. పాప అతన్ని "డోనట్ అన్న" అంటుంది. తుపాకి భుజాన వేసుకుని నా పక్కన కూర్చున్నాడు.

"అక్కా, మా ముత్తాత గడీలో నిజం తుపాకులే ఉండేవి తెలుసా? మనకి బ్లడ్‌లోనే ఉంది."

"మా నాయనమ్మ వాళ్లు అలాంటి గడీలోనే బట్టలుతికారు. వెట్టికి," అన్నాను.

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. "సూపర్ అక్కా! అయితే మనం ఓల్డ్ ఫ్రెండ్స్ అన్నమాట!"

ఎగతాళికి అనలేదు. నిజంగానే సంతోషించాడు. అదే నాకు మరీ రోత పుట్టించింది.

నాయనమ్మ వాళ్లది నిజాం రాజ్యం అంచున, కృష్ణా జిల్లాని ఆనుకుని ఉన్న ఊరు. వెట్టి చెయ్యం అని ఊరు తిరగబడ్డ రోజుల్లో, దొరల వైపున తుపాకుల మూక ఒకటి ఊళ్ల మీద పడేది. వాళ్లు సైన్యం కాదు. జీతం లేదు, దోచుకున్నదే జీతం. ముఖాలకి గుడ్డలు కట్టుకుని వచ్చేవారట. నాయనమ్మ ఆ కథ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఒక్క ముక్క చెప్పి ఆగిపోయేది. "వాని మొఖానికి కట్టుకున్న గుడ్డ మా అమ్మ ఉతికిందే బిడ్డా. అంచు చూసి గుర్తుపట్టింది. ఏందయ్యా, నువ్వేనా అన్నది. ఆ మాట అన్నందుకే..." అక్కడితో ఆపి తమలపాకు తుడుచుకునేది. ఆ రాత్రే మిగిలినవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని సరిహద్దు దాటారు. తెలియనివాడు వస్తే పరుగెత్తుతాం. తెలిసినవాడు గుడ్డ కట్టుకుని వస్తే ఒక్క క్షణం నిలబడి చూస్తాం. ఆ ఒక్క క్షణమే వాళ్లకి కావాల్సింది.

మధ్యాహ్నం నన్ను ఒక కంచె వెనక నిలబెట్టారు. పాప కనిపిస్తుంది గానీ మాట వినపడదు. గుడిసె గుమ్మంలో ఆవిడ ఒళ్లో కూర్చుని, ఆవిడ వేళ్లు లాగుతూ ఆడుకుంటోంది. ఎవరో వచ్చి ఆవిడ చెవిలో ఏదో చెప్పారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మళ్లీ చెప్పారు. డోనట్ అన్నని పిలిచారు. అతను తల ఊపాడు, పాపకి చేయి ఊపాడు, ఆ తర్వాత మెడలోని ఎర్ర గుడ్డ పైకి లాగి ముక్కు మీద కట్టుకున్నాడు.

అక్కడేదో మారిందని నాకు అప్పుడు తెలిసింది. కంచె దగ్గరున్న కుర్రాడిని ఏం జరుగుతోందని అడిగాను. వేలు పెదవి మీద పెట్టుకున్నాడు. పొగ వదిలారు. గుర్రాలు పరుగెత్తాయి. డోనట్ అన్న పొగలోంచి గుడిసె వైపు వచ్చాడు. పాప అతని కళ్లు గుర్తుపట్టింది. నవ్వింది. నవ్వి చేయి చాచింది, డోనట్ కోసం చాచినట్టు. అతను ఆ చేయే పట్టుకుని లాగాడు. నేర్పిన మాటేదో ఇంగ్లీషులో అరుస్తూ, బురదలోకి లాగాడు. ఆవిడ పాప నడుము పట్టుకుని వదల్లేదు. పాప నవ్వు ఇంకా ముఖం మీద ఉండగానే ఏడుపు వచ్చింది.

"అమ్మా!"

నేను కంచె ఎలా దాటానో తెలియదు. ఎవరో నా కోటు చేయి పట్టుకున్నారు, కోటు వదిలేశాను. పొగలో కళ్లు మండాయి. ఎవరిదో కెమెరా తగిలింది. పాపని అతని చేతిలోంచి లాక్కున్నాను, రెండో చేత్తో అతని ముఖం మీది గుడ్డ పీకేశాను.

"నేనే అక్కా, నేనే!" అన్నాడు కంగారుగా.

"నువ్వని తెలిసే ఏడుస్తోందిరా!"

వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. టెంట్ కింద తెర ముందు కూర్చున్నవాళ్లు కొడుతున్నారు. చాలా నిజంగా వచ్చిందట. చెవిలో వైరున్న అమ్మాయి పరుగెత్తుకొచ్చి, మొదట పాప బాగుందా అని అడిగి, వెంటనే ఇంకొక్కసారి చేద్దామా అంది. తెలిసిన మనిషైతే పాప భయపడదని అతన్ని పెట్టారట, మంచి ఉద్దేశంతోనే. చెయ్యం అన్నాను. అయితే ఈ ముక్క పనికిరాదు, నువ్వు జీన్స్ ప్యాంటుతో మధ్యలోకొచ్చేశావు అంది. పనికిరాకపోవడమే నాకు కావాలి అన్నాను.

అంకుల్ నన్ను పక్కకి తీసుకెళ్లారు. "ఒక్క టేక్ అమ్మా. మనవాళ్లంటే ఇంతే అనుకుంటారు. ఇంకోసారి మనల్ని పిలవరు."

"పిలవకపోతే మంచిది అంకుల్."

"అంత సెన్సిటివ్ అయితే ఈ దేశంలో ఎలా బతుకుతావమ్మా?"

దుకాణదారు కోటులో నిలబడి నాతో ఆ మాట అన్నారు. ముఖం తిప్పుకున్నాను.

ఆ పెద్దావిడ పాప చెప్పు ఒకటి వెతికి తెచ్చిచ్చింది. "వదలమన్నారు," అంది నాతో. "నేను వదల్లేదు." పాప తల మీద చేయి పెట్టలేదు, బుగ్గ గిల్లలేదు. చెప్పు తొడిగి వెళ్లిపోయింది.

సాయంత్రం స్నానం చేయిస్తుంటే నీళ్లు గోధుమరంగులో కారాయి. ఆంటీ సున్నిపిండి గిన్నెతో కిందికి వచ్చారు. "నలుగు పెట్టమ్మా, పనిలో పని, ఒంటి నలుపు కూడా విరుగుతుంది." నీళ్లు చాలు ఆంటీ అని తలుపు వేసేశాను.

పాప ఆ తర్వాత డోనట్ అన్నని చూస్తే నా వెనక దాక్కునేది. అతను డోనట్లు మెట్ల మీద పెట్టి వెళ్లేవాడు, నేను చెత్తబుట్టలో వేసేదాన్ని. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం పాపకి ఆ కథే కావాలి. తనే చెప్పేది. "బిగ్ స్మోక్. దెన్ అన్న కేమ్ విత్ ద మాస్క్. దెన్ ఐ సెడ్ అమ్మా. దెన్..." ఇక్కడ లేచి కూర్చునేది. "దెన్ అమ్మ కేమ్ రన్నింగ్!" నా మెడ పట్టుకుని నవ్వేది. చెప్పగా చెప్పగా అందులో భయం పలచబడింది, నా పరుగు పెద్దదైంది. చివరికి నేను గుర్రం కంటే వేగంగా వచ్చాను. పోనీలే, ఆ కథకి ఆ ముగింపు ఉన్నంతకాలం పిల్లకి ఏమీ కాదు అనుకున్నాను. నాయనమ్మ కథకి లేనిది అదే.

పోయిన వారం కాలేజీ నుంచి ఇంటికొచ్చేసరికి పైన గోల. అంకుల్ ఆ సీరియల్ చూడటానికి అందరినీ పిలిచారు. సమోసాల వాసన మెట్ల దాకా వచ్చింది. మా ఆయన అప్పుడే పని నుంచి వచ్చి, పాప కోసం కింద వెతుకుతున్నారు. ఆంటీ పైకి తీసుకెళ్లారట. చెప్పులు కూడా విప్పకుండా పైకి పరుగెత్తాను.

పాప ఆంటీ ఒళ్లో ఉంది. టీవీలో పొగ.

పనికిరాదన్న ముక్కే. గుడ్డ కట్టుకున్న ముఖం, చాచిన చిన్న చేయి, బురద. "అమ్మా!" అంతే. వెంటనే గుర్రాల కాళ్లు వచ్చాయి. నేను అడుగు పెట్టకముందే కోసేశారు.

గదిలో ఈలలు. "తెలుగురా! తెలుగు వినపడిందిరా!"

"అమెరికా సీరియల్‌లో తెలుగు డైలాగ్! ఫస్ట్ టైమ్ అయ్యుంటుంది అంకుల్!"

"డబ్బింగ్ కూడా చెయ్యలేదు చూశారా! మన పాపే!" అన్నారు అంకుల్. ఆయన కళ్లలో నీళ్లు. నిజం నీళ్లు. రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పారు.

"అమ్మా!"

చప్పట్లు. ఒకరు ఫోన్‌తో తీస్తున్నారు, గ్రూపులో పెట్టడానికి. "నా కళ్లు చూడండి, కళ్లు!" అంటున్నాడు డోనట్ అన్న. మళ్లీ తిప్పారు. మళ్లీ "అమ్మా!" భయంతో నా బిడ్డ పెట్టిన కేకని వాళ్లు మాతృభాషకి జరిగిన సన్మానంలా వింటున్నారు. సమోసా నములుతూ వింటున్నారు.

పాప ఆంటీ ఒళ్లోంచి జారి దిగింది. టీవీ దగ్గరకి వెళ్లి, తెర అంచు పట్టుకుని పక్కనుంచి తొంగి చూసింది.

"వేర్ ఈజ్ అమ్మ?"

"అదిగో తలుపు దగ్గర!" అన్నారెవరో.

"నో. ఇందులో." పాప అంకుల్ వైపు తిరిగింది. "అంకుల్, ప్లే. ఇప్పుడు అమ్మ వస్తుంది."

"అంతేనమ్మా, అయిపోయింది. తర్వాత గుర్రాలే."

"నో! అమ్మ కేమ్. షి కేమ్ రన్నింగ్."

గదంతా ముద్దుగా నవ్వింది. నేను సోఫాలు దాటుకుని వెళ్లి టీవీకీ పాపకీ మధ్య నిలబడ్డాను.

"వచ్చాను," అన్నాను. "వీళ్లు కోసేశారు నాన్నా. నేను వచ్చాను."

పాప నన్ను చూడలేదు. నా కాళ్ల సందుల్లోంచి తెరనే చూస్తోంది.

"అక్కా, కొంచెం పక్కకి," అన్నాడు వెనక నుంచి ఒక కుర్రాడు. "అడ్డం వస్తున్నారు."

టీవీ ఆపేదాకా నేను పక్కకి జరగలేదు. మా ఆయన వచ్చి, రిమోట్ అంకుల్ చేతిలోంచి తీసుకుని ఆపారు. అంకుల్ మాతో ఇప్పుడు మాట్లాడటం లేదు. ఇల్లు వెతుక్కుంటున్నాం.

ఈ రాత్రి కూడా పాప కథ చెప్పింది. పొగ, గుడ్డ, అన్న. "దెన్ ఐ సెడ్ అమ్మా," అని ఆగింది. లేచి కూర్చోలేదు. నేనేం చెబుతానో అని నా ముఖం చూసింది.

"అప్పుడు అమ్మ వచ్చింది," అన్నాను.

"టీవీలో రాలేదు," అంది, తెలుగులో.

కోటు ఎక్కడ పడిపోయిందో చెప్పాను. చెప్పు ఎవరు తెచ్చిచ్చారో చెప్పాను. గుడ్డ పీకితే అన్న ముఖం ఎలా ఉందో చెప్పాను. వింటూ వింటూ పడుకుంది, నమ్మిందో లేదో తెలియదు. ఆ సీరియల్ ఎప్పటికీ ఉంటుంది, ఎవరు ఎప్పుడు నొక్కినా ఆ పిల్ల పిలుస్తూనే ఉంటుంది, ఎవరూ రారు. తను చదవగలిగే రోజుకి ఇది కూడా ఉండాలని కూర్చుని రాస్తున్నాను. తెలుగు చదవడం కూడా నేనే నేర్పాలి.